ఉత్తరాన ఐరోపా ఎక్కడ ఆగుతుంది?

ఐరోపాకు తూర్పున ఉరల్ పర్వతాలు, దక్షిణాన మధ్యధరా సముద్రం, పడమట అట్లాంటిక్, ఉత్తరాన ఆర్కిటిక్. బడి పుస్తకంలో ఈ నాలుగు హద్దులూ ఒక్క వాక్యంలో ఒదిగిపోతాయి. ఒదగనివి దీవులు. సముద్రమే హద్దు అన్నప్పుడు ఆ సముద్రం నడుమ ఉన్న నేలను ఎవరి ఖాతాలో వేయాలి? తెలంగాణ కన్నా కాస్త చిన్నదైన ఐస్‌లాండ్, దానికి ఉత్తరాన ఒక్క అగ్నిపర్వతం చుట్టూ అల్లుకున్న యాన్ మాయెన్, ఇంకా పైకి వెళితే స్వాల్‌బార్డ్, ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్, నొవాయా జెమ్ల్యా. పడమట భారతదేశంలో మూడింట రెండు వంతులంత విస్తీర్ణంతో గ్రీన్‌లాండ్. వీటిలో ఏవి ఐరోపావి, ఏవి కావు అన్న ప్రశ్నకు రెండు వేల ఏళ్లుగా జవాబులు మారుతూనే ఉన్నాయి.

చాలాకాలం ఇది పటాలు గీసేవాళ్ల తర్జనభర్జన. ఇప్పుడు అలా లేదు. 2019లోనూ, మళ్లీ 2025 నుంచీ అమెరికా అధ్యక్షుడు ట్రంప్ గ్రీన్‌లాండ్ తమకు కావాలని బాహాటంగా అనడంతో, ‘అది అసలు ఉత్తర అమెరికాదే కదా’ అన్న భూగోళ వాదన రాజకీయ వేదికెక్కింది. స్వాల్‌బార్డ్ చుట్టూ ఉన్న సముద్రగర్భంలో పీతలు పట్టే హక్కు నార్వే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందుకే ఈ చర్చలో ఎవరు ఏ కొలబద్ద పట్టుకున్నారో విడదీసి చూడవలసి వస్తోంది. భూఫలకాలు, సముద్రపు లోతు, మనుషుల వలస, చట్టం అని నాలుగు కొలబద్దలున్నాయి. ఒకదానితో కొలిచి, ఇంకొకదాని పేరుతో తీర్పు చెప్పడం వల్లనే ఈ చర్చ ఇంత చిక్కుపడిందని ఈ వ్యాసం అభిప్రాయం.

మాటల సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. మన పురాణ భూగోళంలో జంబూద్వీపం పెద్దది, భరతఖండం అందులో ఒక భాగం. పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ అదే వరస: ముందు ద్వీపం, తర్వాత వర్షం, ఆ తర్వాత ఖండం. నేటి భూగోళ పాఠంలో ఇది తలకిందులైంది. ఖండం పెద్దదైంది, ద్వీపం చిన్నదైంది. పేర్లు ఇంతగా స్థానం మార్చుకోగలిగినప్పుడు, ఖండం అనేది నేల మీద ముందే గీసి ఉన్న గీత అనుకోవడానికి వీల్లేదు.

థూలే: చోటు మారుతూ వచ్చిన చివరి దీవి

క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో హెరొడోటస్ ఈ సందేహాన్ని మొదటే బయటపెట్టాడు. ఒకే భూమికి మూడు పేర్లెందుకో, అవీ ఆడవాళ్ల పేర్లెందుకో తనకు అంతుపట్టడం లేదన్నాడు. ఐరోపాకు ఉత్తరాన సముద్రం ఉందో లేదో ఎవరికీ తెలియదని కూడా ఒప్పుకున్నాడు. తర్వాతి శతాబ్దంలో మస్సాలియా, అంటే నేటి మార్సెయ్, రేవు నుంచి బయల్దేరిన పిథియస్ ఉత్తర సముద్రాలు తిరిగివచ్చి, బ్రిటన్‌కు ఉత్తరాన ఆరు రోజుల ఓడ ప్రయాణంలో థూలే అనే దీవి ఉందని చెప్పాడు. అతడి పుస్తకం పోయింది, ఇతరులు ఉటంకించిన ముక్కలే మిగిలాయి. స్ట్రాబో అతణ్ని అబద్ధాలకోరన్నాడు. టాలెమీ మాత్రం థూలేను తన పటంలో పెట్టాడు.

ఆ థూలే ఏదన్నది నేటికీ తేలలేదు. నార్వే తీరమన్నవారున్నారు, షెట్లాండ్ అన్నవారున్నారు, ఐస్‌లాండ్ అన్నవారున్నారు. 825లో డిక్యుయిల్ అనే ఐరిష్ సన్యాసి ఐస్‌లాండ్ వైపే మొగ్గాడు. అక్కడ కొంతకాలం గడిపి వచ్చిన సాధువులు, వేసవిలో అర్ధరాత్రి కూడా వెలుగు పోలేదని తనతో చెప్పినట్టు రాశాడు. చివరి దీవి అన్న ఆ పేరు తర్వాత ఇంకా పడమటికి, ఇంకా ఉత్తరానికి జరిగింది. 1910లో క్నుద్ రాస్‌ముసెన్, పీటర్ ఫ్రాయ్‌కెన్ గ్రీన్‌లాండ్ వాయవ్య తీరాన పెట్టిన వర్తక స్థావరానికి థూలే అని పేరు పెట్టారు. పక్కనే వెలసిన అమెరికా వైమానిక స్థావరానికీ అదే పేరు వచ్చింది. 2023లో ఆ పేరు తీసేసి స్థానికుల మాటైన ‘పిటుఫిక్’ పెట్టారు. ఐరోపావాళ్ల ఊహలోని చివరి దీవి పేరు ఉత్తర అమెరికా దరిన శతాబ్దం పైగా నిలిచి, చివరికి అక్కడి భాషకు చోటిచ్చింది. ఉత్తరపు హద్దు కథంతా దాదాపు ఇలాగే నడిచింది. ఓడ ఎంత దూరం పోగలిగితే ఐరోపా అంత దూరం సాగింది.

తెలియని చోట్ల ఊహ నేలను అతికించింది కూడా. 15వ శతాబ్దపు డేనిష్ పటకారుడు క్లాడియస్ క్లావస్ గ్రీన్‌లాండ్‌ను ఐరోపా ఉత్తర భాగం నుంచి చాచిన చేయిలా గీశాడు. 1596లో విల్లెమ్ బారెంట్స్ బృందం స్వాల్‌బార్డ్‌ను చూసి అది గ్రీన్‌లాండ్‌లో భాగమే అనుకుంది. 17వ శతాబ్దపు తిమింగిలాల వేటగాళ్లు చాలాకాలం ఆ దీవులను గ్రీన్‌లాండ్ అనే పిలిచారు. అంటే ఒకప్పుడు గ్రీన్‌లాండ్ ఐరోపాది, స్వాల్‌బార్డ్ గ్రీన్‌లాండ్‌ది. నేటి పుస్తకాలు ఈ రెంటినీ వేరువేరు ఖండాల్లో పెడతాయి.

ఉరల్ గీత సముద్రంలో దిగితే

తూర్పు హద్దుగా ఉరల్ పర్వతాలు పాతవి కావు. ప్రాచీనులకు హద్దు డాన్ నది. పొల్టావా యుద్ధంలో రష్యాకు చిక్కి సైబీరియాలో ఏళ్ల తరబడి ఖైదీగా ఉన్న స్వీడన్ సైనికాధికారి స్ట్రాలెన్‌బెర్గ్ 1730లో అచ్చువేసిన పుస్తకంలో ఉరల్ గీతను ప్రతిపాదించాడు. ఆ ఆలోచన తానే అందించానని రష్యన్ పండితుడు తతీష్చెవ్ చెప్పుకున్నాడు. 1958లో సోవియట్ భూగోళ సంఘం పాఠ్యపుస్తకాల కోసం గీతను ఇంకాస్త జరిపి, కారా సముద్రంలోని బైదరత్స్కాయా అఖాతం నుంచి ఉరల్ తూర్పు పాదం వెంట సాగదీసింది. దానితో కొండలు మొత్తం ఐరోపా వైపు వచ్చాయి.

మరి తీరం దాటాక? ఉరల్ పర్వత శ్రేణి నీటి అంచున ఆగదు. వైగాచ్ దీవి మీదుగా నొవాయా జెమ్ల్యాలోకి సాగుతుంది. శిఖరరేఖే హద్దు అని పట్టుబడితే ఆ జంట దీవులను వెన్నెముక వెంట రెండుగా చీల్చాలి. ఆ పని ఎవరూ చేయలేదు. పడమటి బారెంట్స్ సముద్రం ఐరోపాదనీ, తూర్పు కారా సముద్రం ఆసియాదనీ అనుకుని, నొవాయా జెమ్ల్యా మొత్తాన్ని ఐరోపాలో వేశారు. అందుకే దాని తూర్పు కొసన ఉన్న ఫ్లిస్సింగ్‌స్కీ అగ్రం దీవులను కలుపుకున్న ఐరోపాకు అతి తూర్పు బిందువని లెక్క.

ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్‌ది ఇంకో రకం సంగతి. 1873 ఆగస్టు 30న పాయర్, వైప్రెఖ్ట్ నాయకత్వంలోని ఆస్ట్రియా-హంగరీ యాత్ర, మంచులో చిక్కుకుని కొట్టుకుపోతూ ఆ దీవులను చూసింది. తమ చక్రవర్తి పేరు పెట్టింది. 1926లో సోవియట్ యూనియన్ తనవిగా ప్రకటించుకుంది. పాలన ఐరోపా వైపు ఉన్న అర్హాంగెల్‌స్క్ ప్రాంతానిది. అక్కడి ఫ్లిగెలీ అగ్రం దాదాపు 81 డిగ్రీల 50 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దాన్ని ఒప్పుకుంటే ఐరోపా కొస అదే. కారా సముద్రానికి ఆవల సెవెర్నాయా జెమ్ల్యాలో ఆసియా 81 డిగ్రీల 16 నిమిషాల దగ్గర ఆగుతుంది కనుక, ఐరోపా ఆసియా కన్నా పైకి వెళ్లినట్టు. ఒప్పుకోకపోతే కొస స్వాల్‌బార్డ్‌లోని రోసోయాకు, దాదాపు 80 డిగ్రీల 49 నిమిషాలకు, దిగుతుంది. దీవులే వద్దనుకుంటే ఏకంగా పది డిగ్రీలు దిగి నార్వేలోని కిన్నరోడన్‌కు, సుమారు 71 డిగ్రీల 8 నిమిషాలకు, రావాలి. ఐరోపా చివర అని యాత్రికులు ఫొటోలు దిగే నార్త్ కేప్ ప్రధాన భూభాగంలో లేదు, మాగెరోయా దీవి మీద ఉంది. ఆ దీవిలో కూడా పక్కనున్న క్నివ్‌షెలోడన్ దానికన్నా ఉత్తరంగా పొడుచుకొచ్చింది. ఎక్కడ ఆగుతుంది అన్న ప్రశ్నకు ముందు ఏది లెక్కలోకి వస్తుందో తేల్చుకోవాలనడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ లేదు.

మొదటి కొలబద్ద: భూఫలకాలు

భూఫలకాల సిద్ధాంతం వచ్చాక, ఇక మనుషుల వాదాలతో పనిలేదు, భూమినే అడుగుదాం అన్న ఆశ పుట్టింది. ఐస్‌లాండ్ ఈ వాదానికి తీర్థక్షేత్రం లాంటిది. అట్లాంటిక్ అడుగున దక్షిణోత్తరాలుగా సాగే గట్టు అక్కడ నీటిపైకి లేచి కనిపిస్తుంది. థింగ్‌వెల్లిర్ లోయలో నేల చీలి ఉంది. పడమర ఉత్తర అమెరికా ఫలకం, తూర్పున యురేషియా ఫలకం. అవి ఏడాదికి రమారమి రెండు సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాయి. రాజధాని రేక్యావిక్ పడమటి ఫలకం మీద ఉంది. దేశ జనాభాలో సగానికి మించి ఆ రాజధాని ప్రాంతంలోనే ఉంటారు. ఈ లెక్కన ఐస్‌లాండ్ వాసుల్లో ఎక్కువమంది ఉత్తర అమెరికా వాసులే.

ఈ వాదంలో అందముంది, కానీ నిలకడ లేదు. అదే గట్టును ఉత్తరానికి అనుసరిస్తే గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్‌ల నడుమ నుంచి ఆర్కిటిక్‌లోకి వెళ్లి, గక్కెల్ గట్టుగా సాగి, తూర్పు సైబీరియాలో నేలకెక్కుతుంది. ఉరల్ పర్వతాల దగ్గర ఏ ఫలకపు సరిహద్దూ లేదు. ఫలకాలే ఖండాలైతే ఐరోపా అన్న ఖండమే ఉండదు. రష్యా తూర్పు కొసన ఉన్న చుకోట్కా అమెరికాలో పడుతుంది. దక్షిణాన అజోర్స్ దీవుల్లో ఫ్లోరెస్, కోర్వో కూడా ఉత్తర అమెరికా ఫలకం మీదే ఉన్నాయి. వాటిని పోర్చుగల్ నుంచి, ఐరోపా నుంచి వేరుచేసి చెప్పేవారు లేరు. ఐస్‌లాండ్ విషయంలో ఫలకాన్ని సాక్షిగా పిలిచి, ఉరల్ దగ్గర ఆ సాక్షిని వెనక్కి పంపేయడం న్యాయం కాదు.

ఈ సిద్ధాంతపు చరిత్ర కూడా ఈ దీవులతోనే ముడిపడి ఉంది. ఖండాలు కదులుతాయని 1912లో చెప్పిన వెగెనర్, గ్రీన్‌లాండ్ రేఖాంశాల పాత కొలతలను, కొత్త కొలతలను పోల్చి, అది ఏడాదికి మీటర్ల లెక్కన పడమటికి జరుగుతోందని నిరూపించబోయాడు. కొలతలు తప్పు, మూల భావన ఒప్పు. 1930లో ఆ గ్రీన్‌లాండ్ మంచు మీదే ఆయన ప్రాణాలు పోయాయి.

రెండో కొలబద్ద: నీటి లోతు

భూగర్భ శాస్త్రంలోనే ఇంకో దారి ఉంది. ఖండం తీరరేఖ వద్ద ఆగదు, నీటి కింద ఖండతీరపు అంచుగా కొంతదూరం సాగి, ఆ తర్వాత అగాధంలోకి జారిపోతుంది. ఆ అంచు మీద నిలిచిన దీవి ఆ ఖండానిదే. బ్రిటన్, శ్రీలంక విషయాల్లో అందరం మాట్లాడకుండా పాటించే సూత్రమిదే.

బారెంట్స్ సముద్రంలో ఇది చక్కగా పనిచేస్తుంది. ఆ సముద్రం సగటు లోతు 230 మీటర్ల చిల్లర మాత్రమే. స్వాల్‌బార్డ్, ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్, నొవాయా జెమ్ల్యా మూడూ ఆ మెరక మీదే నిలబడ్డాయి. స్వాల్‌బార్డ్‌కు పడమట, ఉత్తరాన నీరు వేల మీటర్ల లోతుకు పడిపోతుంది. అటు గ్రీన్‌లాండ్‌కు, కెనడాలోని ఎల్స్‌మియర్ దీవికి నడుమ ఇరుకైన జలసంధి ఒక్కటే అడ్డు. ఆ జలసంధి మధ్యలోని 1.3 చదరపు కిలోమీటర్ల హాన్స్ దీవిని 2022 జూన్‌లో కెనడా, డెన్మార్క్ పంచుకున్నాయి. ఆ పంపకంతో ఒక ఐరోపా రాజ్యానికి, ఒక అమెరికా ఖండపు దేశానికి నేల మీద సరిహద్దు ఏర్పడింది. నాలుగింటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగేది ఈ కొలబద్ద మీదే. రాజులు మారినా లోతు మారదు.

ఇది కూడా నడిసముద్రంలో చేతులెత్తేస్తుంది. ఐస్‌లాండ్ ఏ ఖండపు అంచు మీదా లేదు, గ్రీన్‌లాండ్ నుంచి ఫారో దీవుల దాకా సాగే సముద్రగర్భ గట్టు మీద ఉంది. ఆ గట్టు రెండు వైపులకూ చుట్టమే. దూరం లెక్కిస్తే గ్రీన్‌లాండ్ దాదాపు 300 కిలోమీటర్లు, నార్వే దాదాపు 1,000. యాన్ మాయెన్‌ది మరీ విచిత్రం. దానికి దక్షిణాన నీటి కింద ఒక ఖండ శకలం ఉంది. కోట్ల ఏళ్ల కిందట ముందు నార్వే వైపు నుంచి, తర్వాత గ్రీన్‌లాండ్ వైపు నుంచి అది రెండుసార్లు తెగిపోయింది. ఇద్దరికీ చెందినది, ఇద్దరినీ వదిలేసింది.

రాకాల్ అనే రాయి ఈ చర్చకు పరీక్ష లాంటిది. స్కాట్లాండ్‌కు పడమట అట్లాంటిక్‌లో దాదాపు పదిహేడు మీటర్ల ఎత్తుతో నిలిచిన ఒంటరి శిల అది. 1955లో బ్రిటన్ దాన్ని కలుపుకుంది. కానీ మనుషుల నివాసానికి గానీ, సొంత ఆర్థిక జీవనానికి గానీ నోచుకోని రాళ్లకు ప్రత్యేక ఆర్థిక మండలం దక్కదని సముద్ర చట్ట ఒప్పందం 121వ అధికరణం అంటుంది. 1997లో ఆ ఒప్పందంలో చేరినప్పుడు బ్రిటన్ రాకాల్ ఆధారంగా కొలిచిన చేపల వేట హద్దును వదులుకుంది. రాయి ఐరోపాదే, కానీ ఆ రాయి నుంచి ఆర్థిక మండలం పుట్టదు.

మూడో కొలబద్ద: మనుషులు వచ్చిన దారి

ఖండాలన్నవి ప్రకృతి ఇచ్చినవి కావు, మనుషులు ప్రపంచాన్ని తలలో అమర్చుకునే పద్ధతులు అని 1997లో మార్టిన్ లూయిస్, కారెన్ విగెన్ రాసిన ఖండాల భ్రమ గురించిన పుస్తకం గట్టిగా వాదించింది. ఆ దారిలో చూస్తే ప్రశ్న సులువవుతుంది. అక్కడివాళ్లు ఎక్కడినుంచి వచ్చారు, ఏ భాష మాట్లాడతారు, ఎవరితో చట్టాలు పంచుకున్నారు?

ఐస్‌లాండ్‌కు దీనిలో తిరుగులేదు. తొమ్మిదో శతాబ్దంలో నార్వే వైపు నుంచి జనం వచ్చి స్థిరపడ్డారు. తొలితరం స్త్రీలలో ఎక్కువ భాగం ఐర్లండ్, స్కాట్లాండ్ వైపు మూలాలున్నవారని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి. వాళ్ల భాష పాత నార్స్‌కు అతి దగ్గరి వారసురాలు. ఫలకాలు ఏమన్నా, లోతు ఏమన్నా, ఐస్‌లాండ్ ఐరోపాదని అందరూ అంగీకరించడానికి అసలు కారణం ఇదే. ఫారో దీవులూ అంతే.

గ్రీన్‌లాండ్‌లో మాత్రం రెండు దారులు కలిశాయి. పదో శతాబ్దం చివర ఎర్ర ఎరిక్ వెంట నార్స్ జనం తూర్పు నుంచి వచ్చారు. గార్దర్‌లో బిషప్ పీఠం పెట్టుకున్నారు, సుమారు అయిదు వందల ఏళ్లు పశువులు మేపుకుని బతికారు. 1408లో హ్వాల్సే చర్చిలో జరిగిన పెళ్లి తర్వాత వారి గురించి రాతపూర్వక ఆనవాలు లేదు. వాళ్లు ఉండగానే అలాస్కా వైపు నుంచి నేటి ఇన్యుయిట్‌ల పూర్వీకులు వచ్చారు. ఐరోపా జాడ చెరిగిపోయింది, వీళ్లు నిలిచారు. 1721లో హాన్స్ ఎగెడె నార్స్ క్రైస్తవులను వెతుక్కుంటూ వెళ్లి, ఇన్యుయిట్‌లను చూసి, వారికే మతబోధ చేశాడు. అక్కడినుంచి డేనిష్ పాలన మొదలైంది.

ఈ కొలబద్దకు ఉన్న లోటు ఒకటే, కానీ పెద్దది. మనుషులు లేని చోట అది కొలవలేదు. ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్‌లో ఊళ్లు లేవు. యాన్ మాయెన్‌లో వాతావరణ కేంద్రం, సైనిక స్థావరం సిబ్బంది వంతులవారీగా ఉండి పోతారు. స్వాల్‌బార్డ్‌కు మూలవాసులే లేరు.

నాలుగో కొలబద్ద: చట్టం

చట్టం దగ్గర సిద్ధాంతం కన్నా అవసరం ముందు నడిచింది. యూరోపియన్ యూనియన్ ఒప్పందం 49వ అధికరణం ప్రకారం సభ్యత్వం అడగడానికి ‘ఐరోపా రాజ్యం’ అయి ఉండాలి. 1987లో మొరాకో అడిగితే కాదన్నారు. 2009లో ఐస్‌లాండ్ అడిగినప్పుడు దాని భూగోళం గురించి ఎవరూ ప్రశ్న లేవనెత్తలేదు. తర్వాత ఐస్‌లాండే ఆ ప్రయత్నం మానుకుంది. ‘ఐరోపా’ అంటే ఏమిటో నిర్వచనం అధికారికంగా లేదని, అందులో భూగోళం, చరిత్ర, సంస్కృతి కలగలిసి ఉంటాయని యూరోపియన్ కమిషన్ 1992లోనే చెప్పింది.

అవసరం గీతను ఎలా జరుపుతుందో చూడాలంటే 1941ను మించిన ఏడాది లేదు. డెన్మార్క్‌ను జర్మనీ ఆక్రమించాక 1940 మే 10న బ్రిటిష్ సేనలు ఐస్‌లాండ్‌లో దిగాయి. ఆ దీవి పశ్చిమార్ధ గోళంలోకి వస్తే అమెరికా తన మన్రో సిద్ధాంతం కింద దాన్ని కాపాడవచ్చు. పాత పటాల్లో అర్ధగోళాలను విడదీసే 20 డిగ్రీల పడమటి రేఖాంశం సరిగ్గా ఐస్‌లాండ్ మీదుగానే పోతుంది. ఐస్‌లాండ్ మూలాలున్న ధ్రువ అన్వేషకుడు స్టెఫాన్సన్, గీతను మధ్యనున్న వెడల్పైన సముద్రంలో గీయాలని, అప్పుడు ఐస్‌లాండ్ పడమటిదే అవుతుందని వాదించాడు. 1941 ఏప్రిల్‌లో అమెరికా నౌకాదళ గస్తీకి 26వ పడమటి రేఖాంశాన్ని హద్దుగా తీసుకున్నప్పుడు ఐస్‌లాండ్ బయటే ఉంది. జూలై వచ్చేసరికి అమెరికన్ సేనలు అక్కడ దిగాయి. మూడు నెలల్లో దీవి కదల్లేదు, గీత కదిలింది.

స్వాల్‌బార్డ్ చట్టం మరో తరహాది. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో కుదిరిన ఒప్పందం నార్వేకు సార్వభౌమాధికారం ఇస్తూనే, సంతకం చేసిన దేశాల పౌరులందరికీ వేట, చేపలు, గనుల విషయంలో సమాన హక్కులిచ్చింది. నాటి బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగంగా భారతదేశం పేరు కూడా ఆ పత్రంలో ఉంది. 2008లో న్యూ ఓలెసుండ్‌లో మన ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రం తెరుచుకుంది. నార్వే షెన్‌జెన్ ఉమ్మడి వీసా మండలంలో ఉన్నా స్వాల్‌బార్డ్ అందులో లేదు. భూగోళం ప్రకారం తిరుగులేని ఐరోపా దీవులు ఐరోపా చట్టాలకు చాలావరకు బయట ఉన్నాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే

నొవాయా జెమ్ల్యా, ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్, స్వాల్‌బార్డ్‌ల విషయంలో లోతు, పాలన ఒకే మాట చెబుతాయి, అవి ఐరోపావే. ఫలకం యురేషియాదే కనుక అడ్డు చెప్పదు. మనుషుల చరిత్ర మౌనంగా ఉంటుంది. ఇక్కడ మిగిలిన సందేహం ఆసియాతోనే, అదీ నొవాయా జెమ్ల్యా దగ్గరే. ఐస్‌లాండ్‌లో ఫలకం చీలిక చూపుతుంది, లోతు తటస్థంగా ఉంటుంది, దూరం అమెరికా వైపు లాగుతుంది, మనుషులు, చట్టం ఐరోపా అంటారు. మనుషులే గెలిచారు. యాన్ మాయెన్ నార్వేది కనుక ఐరోపాది, అంతకు మించి కారణం చూపలేం. అయినా 1993లో అంతర్జాతీయ న్యాయస్థానం యాన్ మాయెన్, గ్రీన్‌లాండ్‌ల మధ్య సముద్రాన్ని పంచినప్పుడు ఖండాల ఊసే ఎత్తలేదు. రెండు తీరాల పొడవులో సుమారు తొమ్మిది రెట్ల తేడా ఉందని చూసి గీతను యాన్ మాయెన్ వైపు జరిపింది. జనాభా ఎంత తక్కువన్నది లెక్కలోకి రాదంది.

గ్రీన్‌లాండ్ దగ్గర మాత్రం ఫలకం, లోతు, దూరం, నేటి జనం మూలాలు నాలుగూ ఉత్తర అమెరికా అంటుంటే, రాజ్యం ఒక్కటే ఐరోపా అంటుంది.

గ్రీన్‌లాండ్: అసలు తేలని ముడి

ఐక్యరాజ్యసమితి గణాంక విభజనలో ఐస్‌లాండ్, ఫారో, స్వాల్‌బార్డ్, యాన్ మాయెన్ ఉత్తర ఐరోపాలో ఉంటాయి. గ్రీన్‌లాండ్ ఉత్తర అమెరికాలో ఉంటుంది. అయితే 1973లో డెన్మార్క్‌తో పాటు గ్రీన్‌లాండ్ కూడా ఐరోపా ఆర్థిక సముదాయంలోకి వెళ్లింది. అప్పటి ఓటింగ్‌లో అక్కడి జనం పెద్ద మెజారిటీతో వద్దన్నా ఫలితం లేకపోయింది. ఫారో దీవులు బయటే ఉండిపోగలిగాయి, ఎందుకంటే వాటికి 1948 నుంచే స్వపరిపాలన ఉంది. గ్రీన్‌లాండ్‌కు ఆ స్వపరిపాలన 1979లో వచ్చింది. 1982 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి సుమారు 53 శాతం మంది బయటికి పోదామన్నారు. 1985 ఫిబ్రవరి 1న వచ్చేశారు. తమ నీళ్లలో చేపల మీద అధికారం తమకే ఉండాలన్నది ముఖ్య కారణం. అయినా వాళ్లు డెన్మార్క్ పౌరులు, ఆ దారిన యూరోపియన్ యూనియన్ పౌరులు. నేల బయట, మనుషులు లోపల.

ఫుట్‌బాల్ సమాఖ్యల దగ్గరా ఇదే కథ. ఫారో జట్టు 1990 నుంచి ఐరోపా సమాఖ్య సభ్యురాలు. స్వతంత్ర దేశాలకే చోటన్న నియమం తర్వాత రావడంతో గ్రీన్‌లాండ్‌కు ఆ తలుపు మూసుకుపోయింది. 2024లో వాళ్లు ఉత్తర, మధ్య అమెరికా సమాఖ్య తలుపు తట్టారు. 2025 జూన్‌లో అక్కడా కాదన్నారు. యాభై ఆరు వేల మంది చిల్లర ఉన్న జనానికి ఏ ఖండంలో ఆడాలో చెప్పేవాళ్లు లేకపోవడం చిన్న విషయం కాదు.

ఇక్కడే నాకు ఒక వాదన ఏమాత్రం మింగుడుపడదు. గ్రీన్‌లాండ్ ఉత్తర అమెరికా ఫలకం మీద ఉంది కాబట్టి ఉత్తర అమెరికాలోని ఒక పెద్ద దేశానికి దానిపై హక్కో, సహజమైన ఆసక్తో ఉందన్నది ఆ వాదన. ఫలకం మీద ఉండడం భూగర్భ శాస్త్ర వాస్తవం. అందులోంచి ఏ దేశపు అధికారమూ పుట్టదు. ఆ తర్కమే నిజమైతే రేక్యావిక్, చుకోట్కా కూడా ఆ ఖాతాలోకే పోవాలి. డెన్మార్క్ వైపు వాదనకూ ఇదే కొలత వర్తిస్తుంది. 1933లో శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానం తూర్పు గ్రీన్‌లాండ్ డెన్మార్క్‌దేనని తేల్చింది. అప్పుడు వాదించుకున్నవి డెన్మార్క్, నార్వే. ఇన్యుయిట్‌లను ఎవరూ అడగలేదు. 2009 స్వయంపాలన చట్టం గ్రీన్‌లాండ్ ప్రజలను ఒక జాతిగా గుర్తించి, స్వాతంత్ర్య నిర్ణయం వారిదేనంది. 1977లో మొదలైన ఇన్యుయిట్ పరిధ్రువ మండలిలో గ్రీన్‌లాండ్, కెనడా, అలాస్కా, చుకోట్కా కలిసి కూర్చుంటాయి. ఆ పటంలో ఐరోపాకు, అమెరికాకు, ఆసియాకు నడుమ గీతలు లేవు, మంచు సముద్రం చుట్టూ ఒకే తీరం ఉంది.

నీటి కింద మిగిలినవి

స్వాల్‌బార్డ్ విషయంలో నేల ఎవరిదన్న వివాదం లేదు, సముద్రగర్భం మీదే ఉంది. 1920 నాటి సమాన హక్కులు దీవులకు, తీర జలాలకు మాత్రమేనని నార్వే అంటుంది. ఆ తర్వాత పుట్టిన ఖండతీరపు అంచు, 200 మైళ్ల మండలం అన్న భావనలకూ అవి వర్తించాలని యూరోపియన్ యూనియన్, మరికొన్ని దేశాలు అంటాయి. మంచుపీతలు పట్టిన లాట్వియా ఓడ వ్యవహారంలో నార్వే సుప్రీంకోర్టు 2023 మార్చిలో ఒప్పందం తీర జలాలు దాటదని తీర్పిచ్చింది. అది ఒక దేశపు కోర్టు మాట. మిగతా సంతకందారులు దానికి కట్టుబడలేదు.

ఇంకా ఉత్తరాన, ధ్రువం కిందుగా, 1948లో సోవియట్ యాత్రలు కనుక్కున్న లొమొనోసొవ్ గట్టు ఉంది. సైబీరియా అంచు నుంచి గ్రీన్‌లాండ్, ఎల్స్‌మియర్‌ల దాకా రమారమి 1,800 కిలోమీటర్లు సాగుతుంది. గ్రీన్‌లాండ్ తరఫున డెన్మార్క్ 2014లో, రష్యా 2015లో, కెనడా 2019లో ఆ గట్టు తమ ఖండపు కొనసాగింపేనని ఐక్యరాజ్యసమితి కమిషన్‌కు పత్రాలు సమర్పించాయి. దాదాపు అయిదున్నర కోట్ల ఏళ్ల కిందట గక్కెల్ గట్టు తెరుచుకున్నప్పుడు ఈ రాతి పట్టీ బారెంట్స్-కారా తీరపు అంచు నుంచి, అంటే ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్ నిలిచిన ఆ మెరక నుంచే, విడిపోయి అటు జరిగిందని భూగర్భ శాస్త్రం చెబుతోంది. పుట్టుక ఐరోపా అంచులో, ఇప్పటి ఆనుకుని ఉన్న చోటు గ్రీన్‌లాండ్ పక్కన. కమిషన్ శాస్త్రీయంగా అంచు ఎంతవరకు పోతుందో సిఫారసు చేయగలదు. రెండు మూడు దేశాల అంచులు ఒకదానిమీదొకటి పడ్డప్పుడు ఎవరిదెంతో చెప్పే అధికారం దానికి లేదు. ఆ మాట డెన్మార్క్, కెనడా, రష్యా కూర్చుని తేల్చుకోవాలి, గ్రీన్‌లాండ్ ఆ బల్ల దగ్గర ఏ హోదాలో కూర్చుంటుందో ముందు తేలాలి.